వేళగాని వేళ విశాఖపట్టణము

మన బోరిగుమ్మ ప్రాంతపు తెలుగు కుటుంబములలో విశాఖపట్టణమునకు పోనివారు అరుదు. కాని పోయినవారిలో విశాఖపట్టణమును చూచినవారు అంతకంటె అరుదని మా అభిప్రాయము. ఈ మాట విడ్డూరముగా తోచిన, మనవారు ఆ నగరమునకు పోవు సందర్భములను ఒకసారి లెక్కించి చూడుడు.

మొదటిది రోగము. ఇచటి వైద్యులు పెద్ద ఆసుపత్రికి పొమ్మనగానే ఉన్న డబ్బు మూటగట్టుకొని, రోగిని వెంటబెట్టుకొని పోవుదుము. రెండవది పరీక్ష, లేదా ఉద్యోగపు ఇంటర్వ్యూ. తెల్లవారగట్ల దిగి, పరీక్ష వ్రాసి, ఆ రాత్రికే తిరుగుబండి ఎక్కుదుము. మూడవది వినోదయాత్ర. కార్తీకమాసము మొదలు సంక్రాంతి వరకు పది కుటుంబములవారు కలసి ఒక బస్సు మాట్లాడుకొని, పులిహోర గిన్నెలతో, పిల్లల కేరింతలతో బయలుదేరుదురు. ఇసుకలో రెండు గంటలు ఆడి, ఫొటోలు తీయించుకొని, గవ్వల దండలు కొనుక్కొని వత్తురు. మొదటివారికి నగరమనగా ఆసుపత్రి వసారా. రెండవవారికి పరీక్ష జరిగిన గది. మూడవవారికి ఇసుక. ఇంతేకాని ఆ ఊరు ఎట్టిది, ఎవరిది, దానికిని మనకును గల సంబంధమేమి అని విచారించుటకు ఈ మూడు సందర్భములలోను తీరిక చిక్కదు.

కావున మేము చెప్పదలచిన దేమనగా: మన పాఠశాలలో చదువు ముగించిన ప్రతి విద్యార్థియు ఒక్కసారియైనను, యాత్రికుల సందడి లేని దినములలో, ఏ పనియు పెట్టుకొనక, ఒంటరిగా ఆ పాతనగరములో రెండు దినములు నడచి రావలెను. దీనిని వినోదముగా కాక చదువులో ఒక భాగముగా ఎంచవలెను. ఇందుకు కారణములను మనవి చేయుచున్నాము.

"అది పొరుగు రాష్ట్రపు నగరము గదా, మనకేమి?" అని కొందరనవచ్చును. 1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీకి పూర్వము ఈ ప్రశ్నకు అర్థమే లేదు. ఆ దినమున ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనది. దానితోబాటే మన కోరాపుటు జిల్లా ఏర్పడినది. అంతవరకు బోరిగుమ్మతో సహా జయపురము జమీందారీ యంతయు చెన్నపట్టణపు ప్రెసిడెన్సీలోని విశాఖపట్టణము జిల్లాలోనిది. మన ముత్తాతలకు జిల్లా ముఖ్యపట్టణము విశాఖపట్టణమే. పెద్ద వ్యాజ్యమైనను, పెద్ద కొలువైనను అచటికే పోవలసియుండెను.

అంతకంటె పాతది ఉప్పు సంబంధము. రైలు లేని కాలమున బంజారాలు ఎడ్లమీద ఉప్పు బస్తాలు వేసుకొని, తీరప్రాంతము నుండి కనుమలెక్కి జయపురపు పీఠభూమికి వచ్చెడివారు. ఇచటి ధాన్యమును, అడవి సరకులను దింపుకొని పోయెడివారు. సముద్రమును ఎన్నడును చూడని మన పూర్వులు సముద్రపు ఉప్పు తినియే బ్రతికినారు. నేటికిని మన సంతలో ఎండుచేపల బుట్టల వద్ద నిలిచినచో ఆ తీరపు వాసన తగులుచునే యుండును. ఇటువైపునుండి దిగునది మాత్రము మారినది. 1960వ దశకములో కొత్తవలస నుండి కిరండూలు వరకు వేసిన రైలుమార్గమున, బైలడిల్లా గనుల ఇనుపరాయి జయపురము, కోరాపుటుల మీదుగా విశాఖ రేవునకు దిగుచున్నది. ఆ గూడ్సుబండ్లు పోవుచుండగా గేటువద్ద నిలిచి పెట్టెలు లెక్కించని పిల్లవాడు మనలో లేడు. అవి ఎచటికి పోవునో చూచిన పిల్లవాడు ఎందరిలో ఒకడు?

ఇక సందడి లేని దినములే ఏల? అక్టోబరు నుండి ఫిబ్రవరి వరకు గల కాలము అతిథులది. అప్పుడు నగరము అతిథులకై ముస్తాబై యుండును. దుకాణములు వారికై తెరచియుండును, ఆటోలు వారికై పరుగెత్తును, బసల అద్దెలు వారిని చూచియే పెరుగును. జనప్రవాహము సముద్రతీరపు రోడ్డుమీదనే పోయి, ఆ రోడ్డుమీదనే వచ్చును. పాతపట్టణపు సందులలోనికి త్రోవ ఉన్నట్లైనను తెలియదు. వేళ తప్పిన తరువాతనే నగరము తన పని తాను చేసికొనుచు కనబడును.

మా దృష్టిలో మిక్కిలి మంచి సమయము జూన్ మాసపు రెండవవారము. మృగశిరకార్తె అప్పుడే ప్రవేశించియుండును. మన బడులు ఇంకను తెరవబడవు. తూర్పుతీరమున ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మరపడవలపై వేట నిషిద్ధము. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమున వానిని బ్రతుకనిచ్చుటకై ప్రభుత్వము పెట్టిన నియమమిది. కావున ఆ వారమున చేపలరేవులో పడవలన్నియు ఒడ్డుననే యుండి, మరల సముద్రములోనికి పోవుటకు సిద్ధమగుచుండును. యాత్రికులకును అది కాలము కాదు. నగరమును చూడగోరు విద్యార్థికి ఇంతకంటె తగిన కాలము వేరొకటి లేదు.

మేము అట్టి దినములలోనే ఒక వేసవి చివర అచట నడచితిమి. జయపురములో రైలెక్కి, అరకు కొండలలోని సొరంగములన్నియు దాటి రాత్రికి చేరి, మరునాటి ఉదయము స్టేషనునుండి పాత పోస్టాఫీసు వైపు బయలుదేరితిమి. ఆకాశము మబ్బుపట్టియుండెను, గాలిలో ఉక్కపోత. 1914లో కురుపాము జమీందారులు కట్టించిన కురుపాం మార్కెట్టు రాతిద్వారము క్రింద వర్తకులు తీరికగా సరకులు సర్దుకొనుచుండిరి. కొనువారికంటె అమ్మువారే ఎక్కువ. ఏమియు కొనని మమ్ములను తొందరపెట్టిన వారు లేరు. కోటవీధి పేరే ఒక పాఠము. పదునేడవ శతాబ్దము చివర ఆంగ్లేయ వర్తకులు ఇచట గిడ్డంగి పెట్టి, కోట కట్టుకొనిరి. ఇప్పుడు వీధి మిగిలినది.

రేవు ముఖద్వారము దాపున వరుసగా మూడు గుట్టలు కలవు. ఒకదానిపై వేంకటేశ్వరుని కోవెల, వేరొకదానిపై మేరీమాత చర్చి, మరియొకదానిపై దర్గా. మెట్లెక్కి పైన నిలిచినచో ఎదుట డాల్ఫిన్ నోస్ అను కొండ సముద్రములోనికి చొచ్చుకొని కనబడును. ఆ కొండ అడ్డుగా నిలుచుటచేతనే ఇచట రేవు సాధ్యమైనది. 1933కు పూర్వము ఓడలు దూరముగా లంగరు వేసికొని యుండగా చిన్నపడవలు సరకులను ఒడ్డుకు చేర్చెడివి. ఆ సంవత్సరము అక్టోబరు 7న జలదుర్గ అను ఓడ మొదటిసారిగా లోపలి రేవునకు వచ్చినది. ఇసుక మేట వేయకుండుటకై రెండు పాత ఓడలను ముంచి వానినే గట్టుగా చేసినారు. తొమ్మిదేండ్లకు, 1942 ఏప్రిల్ 6న, జపాను విమానములు ఈ నగరముపైననే బాంబులు వేసినవి. ఈ సంగతులు పుస్తకములలో చదువవచ్చును. కాని గుట్టమీద నిలిచి, సన్నని కాలువవంటి ఆ మార్గమున ఒక పెద్ద ఓడ మెల్లగా లోనికి వచ్చుటను కన్నులార చూచినవానికి అవి మరపునకు రావు.

ఒంటరిగా పోవుట ఏల అన్నది తరువాతి ప్రశ్న. పదిమందితో పోయినచో మనము మనలో మనమే మాటలాడుకొందుము. త్రోవ తెలిసినవాడు ముందు నడచును, తక్కినవారు వాని వీపు చూచుచు నడతురు. ఒంటరివానికి ఆ వెసులుబాటు లేదు. వాడు గోడమీది అక్షరములు చదువవలెను, త్రోవ అడుగవలెను, అడిగినవారు చెప్పినది అర్థము చేసికొనవలెను. ఎదుటివాడు "నీవెవరు?" అని అడిగినచో తానే సమాధానము చెప్పవలెను.

ఆ ప్రశ్న తప్పక వచ్చును. చేపలరేవులో వల బాగుచేయుచున్న ఒక వృద్ధుడు మమ్ములను చూచి, "ఏ ఊరు బాబూ మీది?" అని అడిగెను. బోరిగుమ్మ అని, ఒడిశాలో జయపురము దాపున అని చెప్పితిమి. "ఒడిశావోళ్ళా? మరి తెలుగెలా వచ్చింది మీకు?" అని ఆయన ఆశ్చర్యపడెను. ఆ ప్రశ్నలో ఎగతాళి లేదు. తెలిసికొనవలెనను కోరికయే కలదు. "మా ఇంటి భాషే తెలుగు తాతా" అంటిమి. ఆయన కొంతసేపు ఆలోచించి, ప్రక్కకు జరిగి కూర్చుండ చోటిచ్చెను. పిమ్మట నిషేధము ముగిసిన రాత్రి పడవలెట్లు బయలుదేరునో, తొలివేటకు ముందు గంగమ్మకు ఎట్లు మ్రొక్కుదురో చాలసేపు చెప్పెను. ఆయన మాటలలో సగము పదములు మాకు క్రొత్తవి. గాలికి, అలకు, నీటి పోకకు వారి నోట ఎన్నో పేర్లు కలవు. కొండమీద పుట్టిన మన తెలుగులో వాని అవసరమే లేదు. మన తెలుగులో దుంపలకు, అడవి ఆకులకు, వాగులకు ఉన్న పేర్లు ఆయనకు లేవు. ఒకే భాష రెండు చోట్ల రెండు విధములుగా బ్రతుకుచున్నదని మాకు ఆ గట్టుమీద బోధపడినది.

అయితే ఆ వృద్ధుని ప్రశ్నను మన పిల్లలు తేలికగా తీసికొనరాదు. ఏలయన ఇచట మన ఊరిలో దాని జంటప్రశ్న వారు వినుచునే యున్నారు: "మీరు తెలుగువారు గదా, ఇచటికి ఎప్పుడు వచ్చినారు?" ఇక్కడివారు మనము అక్కడివారమనుకొందురు, అక్కడివారు మనము ఇక్కడివారమనుకొందురు. రెండు చోట్లను ఇట్లు అడుగబడిన పిల్లవాడు క్రమముగా తాను ఎచటివాడును కాననుకొనును. పిమ్మట తెలుగు ఇంటిలో మాత్రమే వాడు భాష యగును. ఆపైన అవ్వతో మాత్రమే మాటలాడు భాష యగును. అవ్వ పోయిన తరువాత ఏమగునో చెప్పనక్కరలేదు. మన పాఠశాలలకు పిల్లలను పంపుట మానిన తల్లిదండ్రులలో తెలుగుపై ద్వేషము గలవారు లేరు. దానితో పిల్లవానికి ఎచట చోటు దొరకునన్న ప్రశ్నకు సమాధానము దొరకనివారే వారు. ఆ సమాధానమునకై మేము విశాఖను చూపుచున్నాము.

సముద్రతీరపు రోడ్డుమీద హవామహల్ అను పాతభవనము కలదు. దానిని కట్టించినవారు జయపురము మహారాజులు. యాత్రికులు దాని ముందుగా వేలసంఖ్యలో పోవుదురు. అది మన కొండలవారిదని ఎరిగినవారు కొందరే. మరికొంత దూరములో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు. 1926లో స్థాపితమైన ఆ విశ్వవిద్యాలయమునకు జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయల విరాళము ఏర్పరచిరి. ఆనాటి లక్ష ఎంతటిదో పెద్దలనడిగి తెలిసికొనుడు. అచటి విజ్ఞాన సాంకేతిక కళాశాలకు జయపుర విక్రమదేవ కళాశాల అను పేరు పెట్టినారు. ఆయన 1869లో జన్మించి, 1931లో గద్దెనెక్కి, 1951లో దివంగతులైరి. ఒడియాలోను తెలుగులోను గ్రంథములు వ్రాసిరి. ఒడిశా ప్రత్యేకరాష్ట్రము కావలెనని ధనముతో, మాటతో సాయపడినవారును ఆయనయే; తెలుగువారి విశ్వవిద్యాలయమును పోషించినవారును ఆయనయే. ఈ రెండు పనులు ఒకదానికొకటి విరుద్ధమని ఆయన భావించలేదు. జయపురములో 1947లో వెలసిన కళాశాలకును ఆయన పేరే. రెండు ఊళ్ళలో, రెండు భాషల నడుమ, ఒకే పేరు. దీనిని కన్నులార చూచిన విద్యార్థి "నేను ఎచటివాడను?" అని దిగులుపడడు. ఇక్కడివాడను, అక్కడి విద్యాలయపు పునాదిలో మా కొండల సొమ్ము కూడ ఉన్నదని నిబ్బరముగా చెప్పును.

అచట చూడదగినది మరియొకటి కలదు. పాతపట్టణములో జగన్నాథస్వామి ఆలయము ప్రసిద్ధమైనది. ఆషాఢమున రథయాత్రయు జరుగును. నగరములో ఒడియా కుటుంబములు చాల కలవు. మనకు ఇచట తెలుగెట్లో వారికి అచట ఒడియా అట్లు. వారి పిల్లలు వీధిలో తెలుగు మాటలాడి, ఇంటిలో ఒడియా మాటలాడుదురు. పుస్తకముల కొరత, గురువుల కొరత, "ఈ భాష నేర్చిన ఏమి ఫలము?" అను బంధువుల విసుగు — మన బాధలే వారికిని ఉండును. మన విద్యార్థి పాఠశాలలో నేర్చిన ఒడియాలో వారిని పలుకరించినచో ఆ ఇంటి తలుపు వెంటనే తెరచుకొనును. రెండు లిపులు చదువగలుగుట బరువు కాదు, రెండు వీధులకు తాళపుచెవి అని అప్పుడు వానికి తెలియును. ఒడియాను నిర్లక్ష్యము చేసి తెలుగును నిలుపుకొందమనువారితో మేము ఏకీభవింపము. రెండును కావలెను.

ఇక ఆక్షేపణలు. "పిల్లలను ఒంటరిగా పంపుటయా?" అని తల్లులు భయపడుట సహజము. చిన్నపిల్లలను పంపుమని మేము చెప్పుటలేదు. పదవతరగతి ముగించి, కళాశాలకు ఎటులైనను ఇల్లు వదలి పోవలసిన వయసువారిని గూర్చియే మా మాట. మనలో చాలమందికి విశాఖలోనో, విజయనగరములోనో మేనమామలు, పెదతండ్రులు ఉన్నారు. బస వారియింట చేసి, పగటి నడక మాత్రము ఒంటరిగా సాగింపవచ్చును. ఆడపిల్లలను మానిపింపరాదు. అవసరమనుకొన్నచో తల్లియో, పిన్నియో తోడు పోవలెను. కాని ముందు నడువవలసినది, బోర్డులు చదువవలసినది, త్రోవ అడుగవలసినది ఆ పిల్లయే. తల్లి ఆ రెండు దినములు వెనుక నడచుటకు ఒప్పుకొనినచో చాలును. ఒంటరితనమనగా ప్రక్కన మనిషి లేకుండుట కాదు. తన పని తాను చేసికొనుట.

"ఆ దినములలో సముద్రము పోటుమీద ఉండును గదా?" అని అందురు. నిజమే. కావుననే నీటిలో దిగరాదను నియమము ఖండితముగా పెట్టవలెను. ఆ తీరము దిగువ లోతు ఎక్కువ. ఈత వచ్చినవారిని కూడ అల లాగివేయును. తుపాను హెచ్చరిక ఉన్నచో ప్రయాణమే మానవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఆ నగరమును ఎంత పాడుచేసినదో మనవారికి జ్ఞాపకమే. చూచుటకు సముద్రమును ఒడ్డునుండి చూచిన చాలును.

"ఖర్చు?" అని తండ్రులు అడుగుదురు. జనము లేని వేళ పోవుటలో అదియును ఒక లాభము. బసలు చవుక, బండ్లలో చోటు సులభము. శీతకాలపు వినోదయాత్రకు ఒక కుటుంబము వెచ్చించు సొమ్ములో కొద్దిపాటితో ఈ రెండు దినములు గడచును. ఇట్టి ప్రయాణమునకు కావలసినది కాళ్ళ సత్తువ, ఒక సంచి, ఒక నోటుపుస్తకము.

ఆ నోటుపుస్తకమును మేము ముఖ్యమని ఎంచుచున్నాము. పోవువాడు మూడు పనులు చేయవలెను. వెళ్ళకముందు ఇంటి పెద్దలను అడిగి, తమ కుటుంబము ఈ కొండలకు ఎప్పుడు, ఏ త్రోవన, ఏ పనిపై వచ్చినదో వ్రాసికొనవలెను. అచట నడచునప్పుడు తాను ఇదివరకు విననట్టి తెలుగు మాటలు కనీసము ఇరువదియైనను సేకరింపవలెను. తిరిగివచ్చిన పిదప తాను చూచినది రెండు పుటలు మించకుండ తెలుగులో వ్రాసి ఈ పత్రికకు ఈయవలెను. ఏటికి నలుగురు వ్రాసినను పదేండ్లలో మనకు నలుబది వ్యాసములు సమకూరును. అవి ఎవరో దూరముననుండి మనకై వ్రాసిన పాఠములు కావు. మన పిల్లలు తమ కన్నులతో చూచి వ్రాసినవి. మన తరగతిగదులలో అట్టి పాఠములే తక్కువగా ఉన్నవి.

శీతకాలమున పోవువాడు ఆ నగరమునకు అతిథి. అతిథికి ముందుగది చూపి, మంచిమాటలు చెప్పి పంపుదురు. వేళగాని వేళ వచ్చినవాడు వంటింటిలోనికే వచ్చును. ఇంటివారు తమ పనిలో ఉందురు. వచ్చినవాడు ఒక పీట లాగుకొని కూర్చుండును. చుట్టరికము ఎప్పుడును అట్టి రాకపోకలతోనే నిలుచును. తీరపు తెలుగువారితో మనకు గల చుట్టరికము రాష్ట్రములు ఏర్పడినందువలన తెగలేదు. రాకపోకలు రోగమునకు, పరీక్షకు, వినోదమునకు మాత్రమే పరిమితమగుటవలన పలుచబడినది. దానిని గట్టిచేయుట ప్రభుత్వములకంటె ముందు మన చేతిలోని పని. కావున తల్లిదండ్రులారా, వచ్చు వేసవి ముగియకముందే, సంచి సర్దుకొని గుమ్మమున నిలిచిన మీ పిల్లవానిని "ఇప్పుడేమి చూతువురా అక్కడ?" అని ఆపకుడు. ఇప్పుడే పొమ్మని సాగనంపుడు.